అరవై మూడో నెంబరు ప్లాటు

ఇంటి లోను ఆఫీసరు బుధవారం ప్లాటు చూడటానికి వస్తున్నాడని వెంకటనారాయణ డ్యూటీ దిగి వచ్చి చెప్పగానే సుబ్బరత్నం కాళ్ళు నేల మీద ఆనలేదు. స్టవ్వు మీద చారు పెట్టిన సంగతి మరిచిపోయి పక్క క్వార్టరుకి పరుగెత్తింది, అక్కడి నుంచి ఎదురు క్వార్టరుకి. ఆ కబురు వరసలో చివరి ఇంటి దాకా చేరేసరికి ఇక్కడ చారు గిన్నె మాడి నల్లబడింది. ఆ పూట వెంకటనారాయణకు మజ్జిగన్నమే గతి అయింది. ఆయన దాన్నే మారు వడ్డించుకుని తిన్నాడు. ఈ సంతోషం తన పెళ్ళానికి ఎంత ఆలస్యంగా వచ్చిందో ఆయనకు తెలుసు.

పాల్వంచ థర్మల్లో ఆయన ఫిట్టరు. పెళ్ళయిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి ట్రంకు పెట్టె, ఇత్తడి బిందె, వత్తుల స్టవ్వు పట్టుకుని ఏ క్వార్టరులో దిగారో, తలలు నెరుస్తున్నా ఇప్పటికీ అందులోనే ఉన్నారు. క్వార్టరుకి వంక పెట్టడానికి లేదు. కరెంటు పోదు, కుళాయి దగ్గర కొట్లాటలు లేవు. సుబ్బరత్నం బాధల్లా ఒకటే, క్వార్టర్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి. అదే సున్నం, అదే ఆకుపచ్చ తలుపు, అదే కిటికీ. ఒకసారి ఎండన పడి సంత నుంచి వచ్చి, పక్క వరసలో ఎవరి వంటింట్లోనో కూరగాయల సంచి దించి, ఎసరు కూడా పెట్టేసింది. ఆ ఇంటి కోడలు స్నానాల గదిలోంచి బయటికొచ్చి కెవ్వుమంది. కాలనీ అంతా చాలా రోజులు ఆ కథ చెప్పుకుని నవ్వింది. సుబ్బరత్నం కూడా పైకి నవ్వింది గానీ లోపల చురుక్కుమంది. కళ్ళు మూసుకుని వచ్చినా ఇది నాదే అని గుర్తుపట్టే ఇల్లు ఒకటి కట్టుకోవాలని ఆ రోజు నుంచే ఆమెకు పంతం పట్టుకుంది.

ప్లాటైతే ఎప్పుడో కొన్నారు. కొత్త యూనిట్లు వచ్చి, చుట్టూ ఫ్యాక్టరీలు లేచి, ఊరు నాలుగు వైపులా ఒళ్ళు విరుచుకుంటున్న రోజులవి. కాలనీ దాటి అడవి వైపు ఉన్న జొన్న చేలలో ఎవరో రాళ్ళు పాతి ప్లాట్లు చేసి అమ్మితే, షిఫ్టు దిగిన వాళ్ళు దిగినట్టే పోయి కొనుక్కున్నారు. కొన్నారు, మరిచిపోయారు. ఎవరి క్వార్టరులో వాళ్ళు చల్లగా ఉన్నారు. ప్లాట్లలో మాత్రం ఏటికేడు గడ్డి పెరిగింది.

ఇప్పుడు వెంకటనారాయణకు మిగిలిన సర్వీసు ఈ లోనుకి సరిగ్గా చాలుతుంది. ఈ విడత తప్పిందా, వయసు దాటిపోతుంది. ఇక లోనూ లేదు, ఇల్లూ లేదు. ఆఫీసరుకి కావలసింది కూడా పెద్దదేం కాదు. ప్లాటు హద్దులు కంటితో చూడాలి, ఈశాన్యం మూల రాయి మీద ఎర్ర రంగుతో వేసిన నెంబరు చదవాలి. అరవై మూడు. అది కనబడితే సంతకం పెడతాడు, కనబడకపోతే ఫైలు మూస్తాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ సైకిలు మీద ప్లాటు చూడటానికి బయలుదేరి, రోడ్డు మీదే ఆగిపోయారు. ఎటు చూసినా గడ్డే. మనిషెత్తు బోదగడ్డి, దాని సందుల్లో వయ్యారిభామ, తంగేడు, జిల్లేడు. వెంకటనారాయణ ధీమాగా చెయ్యి చాపి, ఆ తంగేడు పొద పక్కనే మనది అన్నాడు. కాసేపాగి, కాదు, ఇటు, ఆ జిల్లేడు దగ్గర అన్నాడు. మూడోసారి చెయ్యి ఎత్తబోతే సుబ్బరత్నం ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. అంత పెద్ద టర్బైను విప్పి మళ్ళీ బిగించే మనిషి సొంత జాగా ఎక్కడుందో చెప్పలేకపోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

దానికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఆ ప్లాట్లలో ఒకరి గడ్డి ఒకరు ముట్టుకోరు. ఖాళీ జాగాలో ఒకడు కొడవలి పెట్టాడంటే ఆ జాగా తనదంటున్నాడనే లెక్క. గడ్డి కోతతో మొదలై, కంచె దాకా, గుడిసె దాకా, చివరికి కోర్టు దాకా పోయిన జాగాలు ఊళ్ళో చాలానే ఉన్నాయి. అందుకని తన ప్లాటు ఏదో తెలిస్తే తప్ప కోయకూడదు. కోస్తే తప్ప తన ప్లాటు ఏదో తెలియదు. వెంకటనారాయణ ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. సుబ్బరత్నం కూర్చునే రకం కాదు. మొత్తం కోయించేద్దాం, అడిగిన వాళ్ళకు నేను చెప్పుకుంటాను అంది. మంగళవారం తనకు పగటి డ్యూటీ పడినందుకు వెంకటనారాయణ లోలోపల దేవుడికి దండం పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున జంపక్క కట్టెల మోపుతో వచ్చింది. ఆమెది కిన్నెరసాని అవతల కోయగూడెం. కాలనీకి కట్టెలు, విస్తరాకులు, సీతాఫలాలు తెచ్చే ఆడవాళ్ళకు ఆమె పెద్ద దిక్కు. సుబ్బరత్నం వాకిట్లో మోపు దించి, చెంబెడు నీళ్ళు తాగి, కాసేపు కష్టసుఖాలు మాట్లాడుకోవడం ఇద్దరికీ ఏళ్ళ నాటి అలవాటు. సంగతంతా విని జంపక్క ముందు నవ్వింది, తరువాత గడ్డి ఎవరికి అని అడిగింది. గూడెంలో ఇళ్ళ కప్పులు మార్చే కాలం, మంచి బోదగడ్డి కోసం చాలా దూరం పోవలసి వస్తున్నదట. కూలి ఇస్తాను, గడ్డి మొత్తం మీదే అంది సుబ్బరత్నం.

"అట్లయితే గూడెం గూడెమే దిగుతది, సుబ్బరత్నమ్మా," అంది జంపక్క. "రేపు మోపులు లెవ్వు గద, బస్సుకే వస్తం. నువ్వు కాలనీ గేటు కాడ నిలవడు."

అన్నట్టే దిగింది. మంగళవారం తెల్లవారగానే వచ్చిన బస్సు గేటు దగ్గర ఆగితే, అందులోంచి కొడవళ్ళు నడుముకు చెక్కుకుని ఆడవాళ్ళు దిగుతూనే ఉన్నారు. కండక్టరు విసుక్కుంటూనే ఉన్నాడు. అందరికంటే చివర జంపక్క బావ బొజ్జయ్య కర్ర పట్టుకుని నిదానంగా దిగాడు. గూడెంలో పండుగ చేసినా, పంట కోసినా మొదటి మాట ఆయనది. కోత ఎట్లా సాగాలో కూడా ఆయనే చెప్పాడు. మూడు వైపుల నుంచి కోసుకుంటూ రావాలి, అడవి వైపు మాత్రం ముట్టుకోకూడదు. గడ్డిలో ఉన్న జీవాలు పోవడానికి ఒక దారి వదిలిపెట్టడం వాళ్ళ పద్ధతి.

బొజ్జయ్య నేలకు మొక్కి ఒక గుప్పెడు గడ్డి కోసి పక్కన పెట్టాడు. అంతే, కొడవళ్ళు లేచాయి. సుబ్బరత్నం రోడ్డు మీద నిలబడి చూద్దామనుకుంది గానీ అరక్షణం కూడా నిలవలేకపోయింది. కొంగు బిగించి, ఎవరి దగ్గరో ఒక కొడవలి లాక్కుని వరసలో దూరింది. చిన్నప్పుడు పుట్టింట్లో గేదెలకు గడ్డి కోసిన చెయ్యి, మరిచిపోతుందా? పిడికిలి నిండా పట్టుకోవడం, మొదలంటా లాగడం, పక్కకు పరవడం. పచ్చి వాసన గుప్పున ముక్కుకు తగిలింది. వయ్యారిభామ దురదకు మోచేతులు ఎర్రబడినా ఆమె లక్ష్యపెట్టలేదు. ముందు కౌజు పిట్టలు టపటపా లేచాయి. తరువాత ఒక కుందేలు ఆమె కాళ్ళ పక్క నుంచే దూసుకుపోయింది. జెర్రిపోతు ఒకటి బయటపడేసరికి రోడ్డు మీద చోద్యం చూస్తున్న వాళ్ళంతా చెల్లాచెదురయ్యారు. గూడెం ఆడవాళ్ళు మాత్రం కొడవళ్ళు ఆపి దానికి దారిచ్చి, మళ్ళీ వంగారు. వాళ్ళ భాషలో ఎవరో పాట ఎత్తుకున్నారు. సుబ్బరత్నానికి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా పల్లవి దగ్గర గొంతు కలిపింది.

పొద్దెక్కక ముందే కాలనీలో పుకారు లేచింది. ప్లాట్లు ఎవరో కబ్జా చేస్తున్నారని, అడవి నుంచి మనుషుల్ని దింపారని. మొట్టమొదట వచ్చి పడింది కంపెనీ స్టోర్సులో పనిచేసే వెంకటరామారావు. స్కూటరుకి స్టాండు కూడా వేయకుండా వదిలేసి, నా ప్లాటులో ఎవరే అది అంటూ ఒంటికాలి మీద లేచాడు. నీ ప్లాటు ఏది అన్నయ్యా అని సుబ్బరత్నం నెమ్మదిగా అడిగింది. ఆయన చెయ్యి చాపాడు. కాసేపాగి ఇంకో వైపు చాపాడు. మొన్న తన మొగుడి దగ్గర ఇదే వరస చూసిన సుబ్బరత్నానికి నవ్వాగలేదు. ఆయన కోపం తారస్థాయికి చేరుతున్న సమయంలోనే అవతల ఒక ఆడమనిషి కొడవలి రాయికి తగిలి ఠంగుమంది. మట్టి తుడిస్తే ఎర్ర రంగు నెంబరు కనబడింది. నలభై ఒకటి. వెంకటరామారావు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. అది ఆయన నెంబరే. పోయి ఆ రాయి పక్కన గొంతుక్కూర్చుని, తప్పిపోయిన దూడ దొరికినట్టు దాన్ని నిమిరాడు. తరువాత సుబ్బరత్నం వైపు తిరిగి, చెల్లెమ్మా, టీ తాగారా అని అడిగాడు.

టీ ఆయనే తెప్పించాడు. కాలనీలో కబురూ ఆయనే మోశాడు. ఇక చూడాలి ఆ జాతర. నైట్ షిఫ్టు దిగి పడుకున్న వాళ్ళు లుంగీలతోనే లేచి వచ్చారు. నిర్మలాదేవి టీచరమ్మ బడికి పోయే దారిలో ఆగి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని తన రాయి వెతుక్కుంది. బజ్జీల బండివాడు బస్టాండు వదిలేసి ఇక్కడికి తోసుకొచ్చాడు. కొడవలి రాయికి తగిలిన ప్రతిసారీ అంతా అటు పరుగెత్తడం, నెంబరు చదవడం, ఆ నెంబరు మనిషి ఎగిరి గంతేయడం. కబ్జా అని పోట్లాటకు వచ్చిన వాళ్ళే కత్తిపీటలూ పారలూ పట్టుకుని పనిలో దిగారు. ఏళ్ళ తరబడి పక్కపక్క ప్లాట్ల వాళ్ళమని తెలియని మనుషులు ఒకరినొకరు కొత్తగా పలకరించుకున్నారు. ఇక్కడ నేను బావి తవ్విస్తానంటే, ఇక్కడ నేను కొబ్బరి చెట్టు పెడతానని ఇంకొకరు. ఎండ మాడుతున్నా ఎవరికీ పట్టలేదు. కోసిన గడ్డి మోపులు మోపులుగా రోడ్డు పక్కన లేస్తుంటే, ఈ ఏడు గూడెంలో ఒక్క ఇల్లూ కారదని బొజ్జయ్య తృప్తిగా తల ఊపాడు.

నెంబర్లు దగ్గర పడుతున్న కొద్దీ సుబ్బరత్నం కొడవలి వేగం పెరిగింది. యాభై తొమ్మిది దొరికింది. తరువాత అరవై ఒకటి. అరవై రెండు దొరికినప్పుడు వెంకటరామారావు రెండు చేతులూ పైకెత్తి, చెల్లెమ్మా, ఇక నీదే అని అరిచాడు. అడవి వైపు మిగిలింది కొంచెమే గడ్డి. ఆమె అందరికంటే ముందు అందులోకి చొరబడి కొడవలి ఎత్తింది. జంపక్క వెనక నుంచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు, సుబ్బరత్నమ్మా. ఈడ కొయ్యొద్దు. ఇది మా మోపులమ్మ జాగ."

గూడెం ఆడవాళ్ళంతా అప్పటికే కొడవళ్ళు దించి, చెంపలు వేసుకుంటున్నారు. జంపక్క గడ్డిని రెండు చేతులతో పక్కకు తీసింది. అవతల అడవి నుంచి వచ్చి, దాని అంచునే కాలనీ వైపు తిరిగే కాలిబాట, చిన్న వాకిలంత శుభ్రంగా ఊడ్చిన జాగా, మధ్యలో ఒక రాయి. రాయి అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. పసుపు మీద పసుపు పేరుకుని దళసరిగా, గుండ్రంగా తయారైంది. నిండా కుంకుమ బొట్లు, ముందు మట్టి ప్రమిద, వాడిన బంతిపూలు. గడ్డి అడ్డం ఉండటంతో ఇన్నాళ్ళూ రోడ్డు వైపు వాళ్ళకు ఇది కనబడలేదు. ఈ రోజు బస్సులో వచ్చి రోడ్డు వైపు నుంచి కోత మొదలుపెట్టిన జంపక్కకు, బాట కనబడే దాకా తాము అమ్మ వైపే వస్తున్నామని తట్టలేదు.

ఆమె సంగతి చెప్పింది. గూడెం నుంచి మోపులెత్తుకుని వచ్చే ఆడవాళ్ళు ఇక్కడే మొదటిసారి దించుకుంటారు. మెడలు పీకుతున్నా ఇక్కడి దాకా వస్తే చాలు, ఊపిరి పీల్చుకోవచ్చు. అమ్మకు మొక్కి కాలనీలోకి పోతే మోపు మిగలకుండా అమ్ముడుపోతుంది. తిరుగు దారిలో ఇంత కుంకుమ, ఇంత నూనె. జంపక్క మనవరాలికి జ్వరం తగ్గింది కూడా ఈ అమ్మకు మొక్కితేనే. మోపులు దించే చోట వెలిసింది కాబట్టి మోపులమ్మ అన్నారు.

సుబ్బరత్నం వింటూనే ఉంది గానీ ఆమె కళ్ళు రాయి వెనక పాతిన కర్పూరం డబ్బా మూత మీద పడ్డాయి. తుప్పు పట్టిన ఆ మూతను ఆమె ఇట్టే గుర్తుపట్టింది. ప్లాటు కొన్న కొత్తలో రిక్షా కట్టించుకుని వచ్చి, ఈశాన్యం రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి పోయింది ఎవరు? తనే. పుట్టింటి వైపు కొత్త జాగా కొంటే అలాగే చేస్తారు. ఆ తరువాత మళ్ళీ ఇటు తొంగి చూడలేదు. పసుపు రాసి ఉన్న రాయి, పక్కన కొబ్బరి చిప్ప. మోపు దించుకున్న మనిషి చూసి దండం పెట్టకుండా ఎట్లా ఉంటుంది?

ఆ ఆలోచన పూర్తి కాకముందే రోడ్డు మీద జీపు ఆగింది. దిగిన మనిషి లోను ఆఫీసరు. రేపు జీపు దొరకదట, అందుకని ఈ రోజే వచ్చాడు. మనిషి మంచివాడే, తొందర మనిషి. కోసిన ప్లాట్లు, జనం, బజ్జీల బండి చూసి బిత్తరపోయి, తేరుకుని, మీ నెంబరు రాయి ఏదమ్మా అని అడిగాడు. వెంకటరామారావు ఉత్సాహంగా రాయి వైపు చూపించాడు. ఆఫీసరు దాన్ని అటూ ఇటూ చూశాడు. నెంబరు కనబడటం లేదు, ఆ పసుపంతా గీకించండి అన్నాడు.

కాలనీ కుర్రాడొకడు పార పట్టుకుని ముందుకొచ్చాడు. గూడెం ఆడవాళ్ళు వచ్చి రాయి చుట్టూ నిలబడ్డారు. బొజ్జయ్య కర్రను నేలకు ఆనించి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. పొద్దుటి నుంచి కలిసి కోసిన వాళ్ళే ఇటు కొందరు, అటు కొందరు అయిపోయారు. గీకితే సుబ్బరత్నం ఇక జంపక్క మొహం చూడలేదు. గీకకపోతే ఇల్లు లేదు. ఎటూ తోచక రాయి వైపే చూస్తుంటే, ఎండకు పగుళ్ళిచ్చిన ఆ పసుపు చూసి ఆమెకు పుట్టింటి ఊళ్ళో గ్రామదేవత పండుగ గుర్తొచ్చింది. పండుగ ముందు ఆ అమ్మవారికి తలంటి స్నానం చేయించేవారు.

"గీకొద్దు," అంది. "జంపక్కా, ఈ అమ్మకు మీరెప్పుడైనా నీళ్ళు పోశారా?"

జంపక్క బొజ్జయ్య వైపు చూసింది. బొజ్జయ్య రాయి మీది పగుళ్ళను వేలితో తడిమి చూసి, తానానికి తప్పు లేదన్నాడు. ఆ మాటతో మళ్ళీ అందరికీ ప్రాణం లేచొచ్చింది. బోరింగు రోడ్డు అవతల ఉంది. కాలనీ వాళ్ళు, గూడెం వాళ్ళు అని లేకుండా వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చారు. సుబ్బరత్నం, జంపక్క చెరో వైపు కూర్చుని, పసిపిల్లకు పోసినట్టు నీళ్ళు పోస్తూ అరచేతులతో రుద్దారు. పసుపు నీళ్ళు కాళ్ళ కిందుగా పారి కోసిన గడ్డి మోళ్ళలోకి పోయాయి. పొర పోతే పొర. అంతా మెడలు చాపి చూస్తున్నారు. ముందు ఆరు కనబడింది. ఇంకో బిందె పోస్తే పక్కన మూడు తేలింది.

కాలనీ అంతా ఒక్కసారి గోలెత్తింది. నిర్మలాదేవి టీచరమ్మ చప్పట్లు కొట్టింది. ఆఫీసరు నెంబరు చూసుకుని కాగితం మీద రాసుకున్నాడు. రాసుకుని, పెన్ను మూయబోయి ఆగాడు. నెంబరు సరే, రేపు వీళ్ళంతా ఇది గుడి అని కూర్చుంటే నేనేం చెయ్యాలి, గుడి జాగా మీద లోను ఇవ్వకూడదే అన్నాడు. చేతికి అందిన ఇల్లు జారిపోతున్నదనే కంగారులో సుబ్బరత్నం ముందూ వెనకా చూసుకోలేదు.

"గుడీ కాదు, ఏమీ కాదండీ. ఇది మా హద్దు రాయి. మొట్టమొదట పసుపు రాసింది నేనే. వీళ్ళకెవరికీ ఇక్కడ ఏ హక్కూ లేదు, రాసుకోండి."

అన్న తరువాత గానీ తను ఏమన్నదో ఆమెకే తెలియలేదు. జంపక్క తడి చేతులతో అలాగే కూర్చుని ఉంది. కోపం చూపించలేదు, లేచి పోలేదు.

"అవ్, నువ్వే మొక్కినవ్," అంది. "మొక్కి యాడికి వోయినవ్, సుబ్బరత్నమ్మా? ఇన్నేండ్లు దీపం ఎవలు వెట్టిండ్రు?"

జనం ముందు సుబ్బరత్నానికి తల కొట్టేసినట్టయింది. ఏళ్ళుగా తన వాకిట్లో నీళ్ళు తాగుతున్న మనిషి, తిరిగి పోతూ ఈ రాయి దగ్గర ఆగి, తను వదిలేసి పోయిన దీపం వెలిగించి మరీ పోతున్నది. ఆ సంగతి తలుచుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు బొజ్జయ్య కర్ర చంకన పెట్టుకుని ముందుకొచ్చాడు. ఆయన మొహంలో కోపం బదులు ఏదో వింత సంతోషం ఉంది. అమ్మకు పండుగ చేస్తే తొలి పసుపు పుట్టింటి నుంచి రావాలి, అది రివాజు అని చెప్పాడు. ముందు ఏ చెయ్యి పసుపు పెడితే ఆ ఇల్లే అమ్మకు పుట్టిల్లు. ఈ అమ్మకు పుట్టిల్లేదో తెలియక గూడెం ఏటేటా ఎంత వెతికిందో, ఎవరూ ముందుకు రాకపోతే దిక్కులేని తల్లి అనుకుని తన ఇంటి నుంచే తీసుకొచ్చి ఎట్లా సరిపెట్టాడో ఆయన ఆఫీసరుకి, కాలనీకి కూడా వినబడేలా చెప్పాడు.

"నువ్వే అని ముందే జెప్తే అయిపోయేది గదమ్మా," అన్నాడు చివరికి, సుబ్బరత్నంతో.

షిఫ్టు బస్సు దిగి, మరకల బట్టలతో వెంకటనారాయణ జనాన్ని తోసుకుంటూ వచ్చేసరికి ఆయన భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఆఫీసరుతో మాట్లాడుతున్నది. ఆ మూల, రాయీ, బాటా కలిపి గోడ బయటికి వదిలేస్తాం, అంతవరకు మా ప్లాటు కాదని రాసుకోండి అంటున్నది. ప్లాటు తగ్గితే లోనూ తగ్గుతుందన్నాడు ఆఫీసరు. తగ్గనివ్వండి, ఒక గది తక్కువ కట్టుకుంటాం అంది. వెంకటరామారావు గుండెలు బాదుకున్నాడు. వాస్తు ప్రకారం ఏ మూల తగ్గినా పరవాలేదు గానీ ఈశాన్యం తగ్గకూడదని, తన మాట వినమని బతిమాలాడు.

"ఈశాన్యంలో దేవుడుండాలనే కదా అన్నయ్యా అంటారు," అంది సుబ్బరత్నం. "ఉందిగా."

ఆఫీసరు వెంకటనారాయణ వైపు తిరిగి, మీరేమంటారు అని అడిగాడు. ఆయనకు మోపులమ్మ ఎవరో, గోడ ఏమిటో, జనం ఎందుకు మూగారో ఒక్కటీ తెలియదు. ఆవిడ చెప్పినట్టే రాయండి అని చూపించిన చోట సంతకం పెట్టాడు. ఆఫీసరు కింద తన సంతకం పెట్టాడు. జీపు వెనక్కి తిరిగింది.

రాయి కడిగిన నీళ్ళు ఇంకిపోయాయి. నెంబరు ఎర్రగా, బోసిగా కనబడుతున్నది. గూడెం ఆడవాళ్ళు కొంగు ముడుల్లోంచి పసుపు తీసి అరచేతుల్లో తడుపుకుంటున్నారు. సుబ్బరత్నం మాత్రం ముందుకు పోవడానికి మొహం చెల్లక వెనకే నిలబడింది. జంపక్క తలెత్తి ఆమెను చూసింది. తన చేతిలో కలిపిన పసుపంతా తెచ్చి ఆమె దోసిట్లో పెట్టి, రాయి చుట్టూ మూగిన వాళ్ళను మోచేత్తో పక్కకు నెట్టింది.

"జరుగుండ్రి," అంది. "పుట్టింటోళ్ళు వచ్చిండ్రు."